ఖాళీగా వెళ్లకూడని డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. అటక మీద పడి ఉన్న ఏళ్లన్నీ నన్నొక సందేహం తొలుస్తూనే ఉంది. ఈ ఇంటివాళ్లు నన్ను దాచుకున్నారా, మరచిపోయారా?

పుట్టింది ఏ ఫ్యాక్టరీలోనో గాని, నాకు ప్రాణం వచ్చింది మాత్రం నెల్లూరు పాత్రల కొట్టులో, మూత మీద ‘ఎస్తేరు రాణి’ అని చుక్కలు చుక్కలుగా పేరు కొట్టిన రోజున. ఎస్తేరు బిట్రగుంట రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఆ క్వార్టర్స్ వరసలో ఫ్రిజ్ ఉన్న ఇల్లు ఆమెదొక్కటే. శనివారం సాయంత్రం మైదాలో పాలు, వెన్న, ఈస్టు వేసి కలిపి, నాలో పెట్టి ఫ్రిజ్‌లోకి తోసేది. ఆ చలిలో పిండి నెమ్మదిగా పొంగి, తెల్లవారేసరికి తలతో నా మూతను నెట్టేది. నన్ను అంతగా ఆనుకుని పడుకున్నవాళ్లను మళ్లీ ఎరగను. పొద్దున్నే ఆ పిండిని వెడల్పుగా వత్తి, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లి, చాపలా చుట్టి, ముక్కలు కోసి, ఆ చుట్టలను గుండ్రటి కరెంటు ఓవెన్‌లో కాల్చేది. ఆమె చర్చికి బయల్దేరేలోపు వరసంతా తీపి వాసన.

పక్కింటి భ్రమరాంబ ఒకసారి గోడ మీదుగా అడిగింది.

"అంటే నిన్నటి పిండే కదూ, ఎస్తేరూ?"

"పిండి నిన్నటిదేలే అక్కా. ఆకలి ఈపొద్దుది గదా!"

భ్రమరాంబ నవ్వి ఊరుకుంది. ఆమె ఇంట్లో నిన్నటిది దేవుడికి పెట్టరు. దేవుడికి పెట్టనిది ఆమె ముట్టదు.

ఆ ఏడాదే భ్రమరాంబకు పుట్టిన ఆడబిడ్డ పురిట్లోనే పోయింది. మైల అని చుట్టాలు గుమ్మం బయటి నుంచే పలకరించి వెళ్లారు. ఎస్తేరు మాత్రం తిన్నగా లోపలికి వచ్చి, మంచం మీద కూర్చుని, వెచ్చటి చుట్టలతో ఉన్న నన్ను ఆమె ఒళ్లో పెట్టింది.

"ఒక్కటి తినక్కా."

భ్రమరాంబ తలూపింది గాని తినలేదు. భర్త సాంబమూర్తి తిన్నాడు, ఏడుస్తూ. ఆమె తినాల్సిన ఆ ఒక్కటీ బాకీ ఉండిపోయింది.

ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్నది మనుషుల మర్యాద. ఆ రోజుకు సరితూగేది ఏం పెట్టి పంపాలో భ్రమరాంబకు తోచలేదు. ఆలోచిస్తుండగానే ఎస్తేరుకు బదిలీ అయింది. అలా ఆ మర్యాదే నన్ను ఇల్లు చేరనివ్వలేదు. ఇల్లు మారినప్పుడల్లా నన్ను పాత చీరలో చుట్టి తీసుకెళ్లారు. తోటి డబ్బాల్లో కందిపప్పు, చింతపండు, నాలో గాలి. సాంబమూర్తి పోయాక ఆ ఇంట్లో మాట వినిపించడం కూడా తగ్గిపోయింది.

మొన్న భ్రమరాంబ నెల్లూరు కూరల బజారు నుంచి వస్తూనే నన్ను దింపి, భర్త ఫొటోతో చెప్పింది. "ఎస్తేరు కనిపించిందండీ. వేళ్లు వంకర్లు పోయాయి, పిండి ముట్టి ఏళ్లయిందట. ఒంటిదాన్నే ఉండా, రాక్కా అంది. వట్టి చేతులతో ఎలా వెళ్లను?"

సాయంత్రం పిండి కలిపి నాలో పెట్టి, ఫ్రిజ్ ముందు చాలాసేపు నిలబడింది. "ఇడ్లీ పిండి రాత్రే రుబ్బుకుంటాం. దానికి లేని చద్ది దీనికెందుకూ?" అని తనే అడిగి, జవాబు కోసం ఆగకుండా తలుపు వేసింది.

ఓవెన్ లేదు. పొద్దున్నే కుక్కర్‌లో ఉప్పు పోసి, గ్యాస్కెట్ తీసేసి, అందులో కాల్చింది. చుట్టలు ఒకవైపు మాడాయి. వాటిని నాలో సర్ది, మూత తీసి, దేవుడి ముందు పెట్టింది. నిన్నటి పిండి అక్కడికి రావడం అదే మొదలు. దేవుడు ఏమీ అనలేదు. ఇంతకుముందు మాత్రం ఆయన అన్నాడా, మనుషులే అన్నారా? డబ్బాను, నాకెందుకులెండి.

తన ఇంటి గుమ్మంలోనే ఎస్తేరు వంకర వేళ్లతో నా మూత తడిమింది.

"ఇది నా డబ్బానే! ఇన్నాళ్లూ యాడ దాచినావు, దొంగా?"

"ఖాళీగా ఇవ్వలేక..."

"అందుకని ఉంచేసుకుంటావా?" మూత తీసింది. "ఓయమ్మా, మాడ్చినావే!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక భ్రమరాంబ మెల్లగా అంది. "ఆ పసిదానికి పేరైనా పెట్టుకోలేదు, ఎస్తేరూ."

ఎస్తేరు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, ఒక చుట్ట తీసి చేయి చాపింది.

"ఒక్కటి తినక్కా."

భ్రమరాంబ తీసుకుంది. మాడిన అంచుతో సహా తింది. వేళ్లకంటిన చక్కెర కూడా వదల్లేదు.