కొట్టేసిన మార్చి నెల

నా పెద్ద బిడ్డ సింధుకు కొత్తగా వచ్చిన ముందు పళ్ల మీద సున్నం రాసినట్టు తెల్లటి చారలున్నాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఇట్లా అవుతుందని, బోరు పరీక్ష చేయించుకోమని దవాఖానలో డాక్టరు అన్నాడు.

పరీక్ష ఎప్పుడో అయింది. పోయినేడు జనవరి నుంచి అక్టోబరు దాకా, పీహెచ్‌డీ చేస్తున్న భానుచందర్ నెలకోసారి మా కొత్తవాడకు వచ్చేవాడు. నలభై ఇళ్లకు పొద్దున ఖాళీ సీసా ఇచ్చి, సాయంత్రం నిండిన సీసా తీసుకుపోయేవాడు. మా నంబరు పదిహేడు. ఎంత వచ్చిందని అడిగితే "చెప్తా అక్కా, జర ఆగు" అనేవాడు.

చిన్న బిడ్డ కావ్యకు ఇప్పుడు పది నెలలు. దానికి ఏ నీళ్లు పట్టాలో నాకు తెలియాలి. దాన్ని చంకనేసుకుని ఆటో ఎక్కి హన్మకొండలో వాళ్ల కాలేజీకే పోయాను. భానుచందర్ తన మేడమ్ సుభాషిణి గదిలో ఉన్నాడు. ఆమెకు సంగతి చెప్పాను.

"పేపర్ అచ్చయ్యేదాకా లెక్కలు బయటికియ్యమమ్మా," అంది మేడమ్. "ముందే ఇస్తే ఇంకెవరన్నా తమ పేరు మీద రాసుకుంటరు. ఈ పిలగాని మూడేండ్ల కష్టం పోతది."

"ఎప్పుడైతది మేడమ్ అచ్చు?"

"ఇంకో ఏడాది పట్టొచ్చు."

నాకు ఒళ్లు మండింది. తొమ్మిదో తరగతితో చదువు ఆగినదాన్ని, అలాంటి గదుల్లో నా నోరు పెగలదు. ఆ రోజు పెగిలింది.

"బోరు మాది, నీళ్లు మావి, సీసా నింపింది మేము. లెక్క మీదెట్లయితది? పక్కింటోళ్లది అడుగుతలేను. పదిహేడు చెప్పుండ్రి. లేకుంటే ఈడనే కూసుంట. ఇది దూపకు ఏడిస్తే ఏ నీళ్లు పట్టాల్నో మీరే చెప్పుండ్రి."

మేడమ్ కాసేపు కావ్యను చూసి, చూపించమన్నట్టు తల ఊపింది. భానుచందర్ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

"ఫికర్ చెయ్యకక్కా. ఒకటిన్నర దాటితేనే ముప్పు. మీది పాయింట్ మూడు, పాయింట్ నాలుగు. మంచిగున్నయి."

పది నెలల్లో మార్చి మీద ఎర్రగీత ఉంది. గీత కింద 2.6 అని ఉంది.

"ఇదేంది తమ్ముడూ?"

"అది తప్పక్కా. మిగిలిన తొమ్మిదిటికి కలుస్తలేదు. మిషన్ తప్పు సూపిందేమోనని కొట్టేసిన."

పోయినేడు మార్చిలో మా అత్తమ్మ తొర్రూరులో తన చెల్లెలింట్లో ఉంది. ఆ ఒక్క నెల సీసా నేను బోరు కింద నింపాను. మిగతా అన్ని నెలలూ ఆమే నింపింది. అక్కడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"అత్తమ్మా, కాలేజీ పిలగాని సీసాల ఏ నీళ్లు పోసినవ్?"

"కొన్న క్యాన్ నీళ్లు."

"బోరువెందుకు పొయ్యలే?"

"పెద్ద సదువు సదివేటోని చేతుల ఆ ఉప్పునీళ్లు పెడ్తరా? ఇజ్జత్ పోదా? మనమే కాదు, పక్కింటి చిలుకమ్మ సుత క్యాన్‌వే పోసింది. వాడకట్టంత గంతే."

భానుచందర్ ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుని మిగతా ఇళ్ల లెక్కలు చూడసాగాడు. నాకు వేరే భయం పట్టుకుంది. క్యాన్ నీళ్లు తాగి ఒకసారి సింధుకు విరేచనాలు పట్టాయని, పిల్లలకు నేను బోరు నీళ్లే కాచి పడుతున్నాను.

"కాస్తే ఫ్లోరైడ్ పోతది గద మేడమ్?"

"పోదమ్మా. నీళ్లు ఇగిరి ఇంకా ఎక్కువైతది."

కావ్యను గట్టిగా పట్టుకున్నాను.

"ఏడాదిన్నరయింది," అన్నాను భానుచందర్‌తో. "నెలనెలా వస్తివి. నా ముంగటనే నిలబడ్డవు. మార్చిల ఇంత వచ్చిందని ఒక్క మాటంటే ఎవరు నింపిన్రో అప్పుడే చెప్పకపోదునా? నీ లెక్కను ఎవరో దొంగిలిస్తరని దాస్తివి. దాసింది సుత తప్పు లెక్కే."

"మళ్లీ పరీక్ష చేసేదాక బయట అనకమ్మా," అంది మేడమ్. "జనం బెదురుతరు."

"బెదరాలె మేడమ్. నలభై ఇండ్లల్ల పిల్లలున్నరు. నేనైతే ఇంటింటికి పోయి చెప్త."

లేచి బయటికి వచ్చాను. భానుచందర్ ఖాళీ సీసాల డబ్బా పట్టుకుని నా వెనక ఉరికొచ్చాడు. అతనూ నా ఆటోలోనే ఎక్కాడు.

ముందు పక్కింటికే పోయాం. చిలుకమ్మ మమ్మల్ని గుమ్మంలోనే చూసింది. "మల్లొచ్చినవా బిడ్డా? కూసో, సల్లటియి తెస్త," అని సీసా అందుకుని క్యాన్ వైపు నడిచింది. ఆమె చేతిలోంచి సీసా తీసుకుని భానుచందర్‌కు ఇచ్చి, నేనే పోయి బోరు మోటారు వేశాను.

"లెక్క ఎన్నడు చెప్తవ్?" అన్నాను.

"రేపు పొద్దుగూకేసరికి అక్కా."

"నాకొక్కదానికే కాదు. నలభై ఇండ్లకు. వాళ్ల వాకిట్ల నిలబడి చెప్పాలె."

అతను తల వంచి పైపు కింద సీసా పట్టాడు.