గుత్తివంకాయ టేక్

ఎడ్మండ్‌సన్ పార్క్ అనే ఆ విదేశీ పేటలో ఏ తెలుగింట్లో ఫంక్షన్ అయినా వంట భ్రమరాంబదే. ఈసారి ఆవిడ గుత్తివంకాయ సినిమాకెక్కింది. తినేది డెస్మండ్ హేల్! న్యూయార్క్ నాటకాల్లో మొదలై, సినిమాల్లో పెద్ద పెద్ద అవార్డులు కొట్టిన అమెరికన్ నటుడు. పక్కింటి తెలుగువాళ్లు భోజనానికి పిలిచిన ముసలాయన వేషం ఆయనది.

"యాక్షన్" అనగానే హేల్ వంకాయ కొరికి, కళ్లు మూసుకుని, ఆహా అన్నట్టు తలూపాడు. భ్రమరాంబకి ప్రాణం లేచొచ్చింది. "కట్" అన్నారో లేదో, బల్ల కింద బకెట్ అందుకుని నోట్లోదంతా ఊసేశాడు.

ఆవిడ మొహం మాడిపోయింది. మళ్లీ టేక్, మళ్లీ బకెట్.

"కారం ఎక్కువైందేమోనే" అంది శ్రీదివ్యతో. సెట్ సామాను చూసుకునే ఆ అమ్మాయే ఆవిడకి ఈ పని కుదిర్చింది.

"రిలాక్స్ ఆంటీ! కెమెరా ముందు అందరూ అంతే."

భ్రమరాంబ ఊరుకుంటేనా! లంచ్ బ్రేక్ ఇవ్వగానే నేరుగా హేల్ దగ్గరికెళ్లి, వచ్చిన ఇంగ్లిష్‌లో అడిగేసింది. "నా కూర అంత బాగాలేదా?"

హేల్ కంగారుగా లేచాడు. "అయ్యో మేడమ్, అది కాదు. నాటకాల్లో పూటకోసారి తింటే సరిపోయేది. సినిమాలో అదే ముద్ద సాయంత్రం దాకా తినాలని నాకెవరూ చెప్పలేదు. నా మొదటి సినిమా, మొదటి టేక్‌లోనే కోడికాలు ఆవురావురుమంటూ లాగించాను. టేకుల మీద టేకులు. ఆఖరికి హీరోయిన్ ఒళ్లో కక్కాను. ఆ సినిమాకే నాకు అవార్డొచ్చింది. ఆవిడ మాత్రం ఇప్పటికీ నాతో మాట్లాడదు."

భ్రమరాంబ పకపకా నవ్వేసింది. "ఇప్పుడు కెమెరా లేదుగా, కూర్చోండి."

వేడన్నం, నెయ్యి, వంకాయ. హేల్ చెంచా పక్కన పెట్టి చేత్తో కలుపుకున్నాడు. మారడిగాడు. మళ్లీ మారడిగాడు. ముక్కు కారుతున్నా ఆపలేదు.

అంతలో ఎవరో పరిగెత్తుకొచ్చారు. "సార్, ఆ షాట్ ఇంకోసారి తీయాలట!"

హేల్ బెల్టు వదులు చేసుకుంటూ వెళ్లాడు. ఇంటావిడ వేషం వేసిన నటి గరిటెతో వంకాయ తేగానే, రెండు చేతులూ కంచానికి అడ్డంపెట్టి, కాపాడమన్నట్టు జాలిగా చూశాడు. స్క్రిప్టులో లేని ముక్క. యూనిట్ అంతా గొల్లుమంది. డైరెక్టర్ అదే టేక్ ఓకే చేసింది.

భ్రమరాంబ ఒక్కతే నవ్వలేదు.

"పెరుగన్నం తినకుండానే లేపేశారే పాపం" అంటూ గిన్నె పట్టుకుని ఆయన కారవాన్ వైపు బయల్దేరింది.