ఎనిమిదిలో నాలుగు

పట్టుచీర కొంగు మీద మామిడిపిందె, నెమలి తప్ప మూడోది కనబడకూడదని ధర్మవరం షావుకార్లంతా ఒట్టేసుకున్నట్టుంటారు. హేమావతి మాత్రం చెనిక్కాయ చెట్టు గీసింది, వేళ్లకు వేలాడే వేరుశనగ కాయలతో సహా. మగ్గాల మీద చీరలు నేయించే బదరీనారాయణ అది చూసి, “పక్కన బెల్లం కూడా పెట్టు తల్లీ” అన్నాడు. అయినా మనసులో ఎక్కడో నచ్చినట్టుంది, శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా ఫైలు పంపితే మగ్గానికెక్కిస్తానన్నాడు. లేదంటే మళ్లీ మామిడిపిందెలే.

ఆరేళ్లుగా ఊరందరి డిజైన్లూ కంప్యూటర్‌లో గీసిపెడుతున్న హేమావతికి నాదని చెప్పుకునేందుకు ఇదే మొదటిది. తీరా శనివారం పొద్దున కంప్యూటర్ మొండికేసింది. కొంగు ఫైలు తెరవగానే మెమరీ చాలదని మూసుకుపోతోంది. దసరాకు ముందే ఇంకో నాలుగు జీబీ కొని మొత్తం ఎనిమిది చేయించింది కదా, పెట్టె మాత్రం ఉన్నది నాలుగేనంటోంది.

ఆమె కోపమంతా ఆ మెమరీ అమ్మిన తిప్పేష్ మీదికి మళ్లింది. ఫోన్‌లో కడిగిపారేసింది. “ఏమప్పా, ఉత్తుత్తి మెమరీ అంటగట్టినావా? ఎనిమిదంటివి, నాలుగే చూపిస్తాండాది!”

తిప్పేష్ ముఖం మాడ్చుకుని పన్నెండున్నరకు వచ్చాడు. పెట్టె మూత ఊడదీసి, కొత్త మెమరీ కార్డు బయటికి లాగి, వెలుతురులో చూసి, ఆమె చేతిలో పెట్టాడు. బంగారు రంగు పళ్ల వరస మీద పసుపు. దాని మీద కుంకుమ.

“పూజ బాగా చేసినారక్కా. హారతి కూడా ఇచ్చినారా?”

“లేదప్పా, కరెంటుది కదా అని భయపడినా,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ నరసింహప్ప, హేమావతి తండ్రి. నలభై ఏళ్లు చీరలు నేసిన మనిషి. ఆయుధపూజ నాడు మగ్గంలోని ప్రతి కొయ్యకూ విడివిడిగా బొట్టు పెట్టనిదే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు.

“పైన పెడితే చాలదా నాయనా?”

“పైన డబ్బాకు పెడితే లోపలుండేదానికి యాడ తెలుస్తాది? కొత్తగా వచ్చింది కదా, మొన్న పూజకు తీసి, బొట్టు పెట్టి, మళ్లీ గుచ్చినా. నీ చెనిక్కాయకు మంచి జరగాలని.”

తిట్టడానికి నోరు తెరిచిన హేమావతి చేతిలోని కార్డును మళ్లీ తిప్పేష్‌కు అందించింది. తన డిజైన్‌ను ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదని ఇన్నాళ్లూ ఆమె బాధ.

తిప్పేష్ పెన్సిల్ రబ్బరుతో కుంకుమంతా రుద్ది, బ్రష్షుతో దులిపి, కార్డు టక్కున గుచ్చాడు. ఎనిమిది! ఫైలు తెరుచుకుంది. మిగిలిన కాయలకు రంగులేసి, రెండింటికి పది నిమిషాల ముందు పంపింది. కాసేపటికి బదరీనారాయణ జవాబు వచ్చింది: “మగ్గానికెక్కిస్తాండాము. బెల్లం మర్చిపోయినావు.”

నరసింహప్ప ఆనందం పట్టలేక దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి నేరుగా కంప్యూటర్ వైపు నడిచాడు. హేమావతి అడ్డం నిలబడింది. “పెట్టాలనుంటే ఈడ పెట్టు నాయనా,” అని నుదురు వంచింది. ఆయన బొట్టు పెట్టాడు.

తిప్పేష్ స్క్రూలు బిగిస్తూ తలెత్తి చూశాడు.

“జాగ్రత్తక్కా. రేపట్నించి సగమే పనిచేస్తావు.”