కనానులో ముందున్నవాళ్ళు

కువైట్‌లో ఇంటావిడ కొడుకుల దిష్‌దాషాలు, ఆ పొడుగు తెల్ల అంగీలన్నీ ఇస్త్రీ అయితేగానీ కేథరిన్‌కు చర్చిలో శుక్రవారం ప్రార్థనకు సెలవు లేదు. చేతులు ఇస్త్రీ చేస్తున్నాయి గానీ మనసంతా పరుపు కింద దాచిన స్టాంపు కాగితం మీదే ఉంది. ఊరెళ్ళొచ్చిన నర్సు చేత మొగుడు ఆనందబాబు పంపించాడు. అడుగున సంతకం చోట ఇంటూ గుర్తు తప్ప కాగితమంతా ఖాళీ.

“అక్కడ సుందరమ్మ చేత సంతకం పెట్టించి పంపు. పైన నేల ఇష్టపూర్తిగా ఇచ్చామని మేం రాయించుకుంటాం. నువ్వడిగితే కాదనదు,” అన్నాడు ఫోనులో.

కాదనదు, నిజమే. అసలు బాధ అదే కదా! సుందరమ్మ కోయ పిల్ల, ఏజెన్సీలో కేథరిన్ వాళ్ళ ఊరిదే. ఇక్కడ రుమైథియాలో పక్కింట్లో పనిచేస్తుంది. ఇద్దరూ పరాయివాళ్ళ మరుగుదొడ్లు కడిగేవాళ్ళే అయినా కేథరిన్ పాస్టరు ఆనందబాబు భార్య కాబట్టి ఇప్పటికీ “అమ్మగారూ” అనే పిలుస్తుంది. ఆ పిలుపు కేథరిన్‌కు ఇష్టం. చెప్పుకోవడానికే సిగ్గు.

ఆనందబాబు తండ్రి సువార్త చెప్పడానికి ఆ కొండల్లోకి వచ్చాడు. కింద ఊళ్ళో కులం చూసి ఆయన్ను పొలం గట్టెక్కనిచ్చిన రైతు లేడు. పైకొచ్చి, ప్రార్థన గుడికి కోయవాళ్ళను కాస్త చోటడిగి, ఆరెకరాలకు కంచె వేశాడు. “ప్రభువు మనకిచ్చిన కనాను” అంటూ చచ్చేదాకా ప్రసంగించాడు. “ఇచ్చిందెవరే? సుందరమ్మ తాత కాళ్ళావేళ్ళా పడుతుంటే కంచె బిగించారు. నేను చూశాను. ఆడదానివి, నోరు కుట్టేసుకో,” అంది అత్తగారు ఒకసారి. కేథరిన్ కుట్టేసుకుంది. ఆమె కువైట్ జీతంతో ఆ కంచె లోపలే డాబా లేచింది. ఇప్పుడు ఆ నేల కోసం సుందరమ్మ అన్న కేసు వేశాడు.

ఇక్కడ పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ బీరువాలో ఉంది, అక్కడ గూడు మొగుడి చేతిలో ఉంది. ఎటు పారిపోతుంది?

కిందటి శుక్రవారం ఇశ్రాయేలీయులు కనాను దేశాన్ని గెలుచుకున్న యెహోషువ గ్రంథం చదివాక సుందరమ్మ మెల్లగా అడిగింది. “కనానులో ముందున్నోళ్ళు ఏమైపోయారండి? ఆళ్ళ మాటెవరూ సెప్పరేంటండి?” కేథరిన్ పాటల పుస్తకం తిప్పి తర్వాతి పాట ఎత్తుకుంది.

ఈవేళ ప్రార్థనయ్యాక కేథరిన్ సంచిలోంచి స్టాంపు కాగితం తీసేలోపే సుందరమ్మే పెన్ను తీసింది. “అయ్యగారు ఫోన్ సేసి సెప్పారండి. ఎక్కడెట్టాలి?” ఏం కాగితమని కూడా అడగలేదు, పిచ్చితల్లి!

“పెట్టకే! మీ నేల పోయే కాగితమిది,” అంది కేథరిన్. పెన్ను లాక్కుని అక్కడే కూర్చుంది. అత్తగారు చూసింది, మామగారు చేసింది, తన డాబా లేచింది, అన్నీ ఆ కాగితం మీదే రాసింది. కింద తన సంతకం పెట్టి, “మీ అన్నకు పంపు,” అంది.

సుందరమ్మ చదువుకుని బిక్కమొహం వేసింది. “మరి మీ ఇల్లో?”

కేథరిన్ కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది.

తిరిగొచ్చేసరికి ఆనందబాబు ఫోను. “అయ్యిందా?”

“అయ్యిందండి.”

“దేవుడికి స్తోత్రం! సంతకం సరిగ్గా పెట్టిందా?”

“సుందరమ్మ పెట్టలేదండి. మీ నాన్నగారి కంచె సంగతంతా రాసి నేను పెట్టాను. కోర్టువాళ్ళు పిలిస్తే వచ్చి చెప్తాను కూడా.”