స్పేరు ఎవరు?

మళ్లీ ఉద్యోగంలో చేరేలోపు చేయాల్సినవి: పాపకు సీసా అలవాటు చేయడం. టీకాల కార్డు జిరాక్సు. పట్టని బట్టల కుట్లు విప్పి వదులు చేసుకోవడం. పాలు తీసే పంపు వాడటం నేర్చుకోవడం (అది తిట్టుకోకుండా కుదరలేదు). క్రెష్ ఫారం మీద తల్లిదండ్రులిద్దరి సంతకాలు.

మొదటి నాలుగూ వారంలో అయిపోయాయి. అయిదోదాని దగ్గర మా ఆయన భీష్మించుకు కూర్చున్నారు.

నేను నీళ్లు పరీక్షించే ల్యాబులో టెక్నీషియన్ని. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషిని. నా ఉద్యోగం పేరు చెప్పాల్సి వస్తే మా నాన్న ఇప్పటికీ లేచి నిలబడి చెబుతాడు. సోమవారం హాజరు కాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ల్యాబు పక్క వీధిలోని క్రెష్‌లో ఒకే ఒక్క ఖాళీ ఉంది, శుక్రవారం సాయంత్రం ఐదు దాకా ఆపుతామన్నారు.

మా ఆయన బస్సు డిపోలో డ్యూటీలు వేసే గుమాస్తా. ఎవరు ఏ బస్సు ఎక్కాలో, ఎవరు ఎప్పుడు దిగాలో ఆయన గీసిందే గీత. పిల్లను పరాయివాళ్ల చేతిలో పెట్టేది లేదన్నారు. వాళ్లమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తూనే తనను ఒంటి చేత్తో పెంచిందన్నారు. ఆ ఒంటి చెయ్యి సంగతి పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్నాను. రెండో చెయ్యి ఏమైందని అడిగే ధైర్యం మాత్రం రాలేదు.

గురువారం డిపో కాగితం మీద చార్టు గీసుకొచ్చి ఫ్రిజ్‌కు అంటించారు. ఎనిమిది నుంచి పన్నెండు: అమ్మ. ఐదు నుంచి మర్నాడు ఎనిమిది: ఆవిడ. అమ్మ అంటే మా అత్తయ్య, ఆవిడ అంటే నేనే. మధ్యలో పన్నెండు నుంచి ఐదు: స్పేరు. అత్తయ్య ఇంకా లాండ్రీలో మధ్యాహ్నం షిఫ్టు చేస్తోంది మరి.

డిపోలో స్పేరు అంటే, ఎవరైనా రాకపోతే ఆ బస్సెక్కడానికి సిద్ధంగా ఉండే మనిషి. ఎక్కువగా టీ తాగుతూ ఉంటాడు.

"స్పేరు ఎవరండీ?" అన్నాను.

"అప్పటికప్పుడు ఎవరో ఒకరు చూస్తార్లే."

ఆ ఎవరో ఒకరు ఇంకా పుట్టారో లేదో కనుక్కోమన్నాను. చదువుకున్నదాన్ని కాబట్టి వెటకారం ఎక్కువైందన్నారు.

శుక్రవారం చార్టును పరీక్షగా అమలుచేశాం. పాపను అత్తయ్యకు అప్పగించి, నేను ల్యాబులో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చి, ఆఖరిసారి బతిమాలదామని ఫారం పట్టుకుని డిపోకు వెళ్లాను. కౌంటరు ముందు డ్రైవర్లు పదిమంది నిలబడి ఉన్నారు. పన్నెండు దాటి పావుగంటకు అత్తయ్య వచ్చింది. క్యూను పట్టించుకోకుండా ముందుకెళ్లి పాపను డ్యూటీ రిజిస్టరు మీద కూర్చోబెట్టింది.

"నా డ్యూటీ దిగానురా. నీ స్పేరుకు అప్పజెప్పు, షిఫ్టుకు పోవాలి."

"అమ్మా, ఇది డిపో."

"చార్టు ఇక్కడే కదా తయారైంది."

క్యూలో మొదటి డ్రైవరు చాలా వినయంగా అడిగాడు. "సార్, స్పేరు రాకపోతే మాకైతే ఆబ్సెంటు వేస్తారు కదా. ఇప్పుడెవరికి వేస్తారు?"

ఈలోగా పాప వచ్చేవారం డ్యూటీలన్నీ తడిపేసింది.

మా ఆయన గొంతు తగ్గించి, నువ్వొక్కదానివే నన్ను పెంచలేదా అని వాళ్లమ్మను నిలదీశారు. అత్తయ్య గొంతు తగ్గించలేదు.

"నేను దుప్పట్లు ఉతుకుతుంటే నిన్ను చంకనేసుకు తిరిగింది కింది వాటాలో పొడుగామె. నీ మొదటి అడుగు ఆమే చూసింది. నువ్వు మొదట అమ్మా అన్నదీ ఆమెనే. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. తర్వాత అందరూ నన్ను మెచ్చుకుంటుంటే నోరు మూసుకుని ఊరుకున్నాను. తప్పే."

డ్రైవర్లు పైకప్పువైపు చూశారు. మా ఆయన జేబులోంచి పెన్ను తీశారు. ఐదుకు పది నిమిషాలుండగా ఫారం ఇచ్చాను. ఒక మూల తడిగా ఉందేమని క్రెష్ మేడమ్ అడిగింది, చెమట అన్నాను.

సోమవారం ల్యాబులో సంతకం చేశాను.

ఆమె పేరేమిటని అత్తయ్యను తర్వాత అడిగాను. అందరూ పొడుగామె అనే పిలిచేవారట. వాటా మారాక మళ్లీ చూడలేదట. ఇది చదివి మా అత్తయ్యను మెచ్చుకోవాలనిపిస్తే మెచ్చుకోండి, ఆవిడ కాదనదు. కానీ దయచేసి ఆ పొడుగామెను మాత్రం గుర్తుపెట్టుకోండి.