ఉప్పు చూడని కూర

ఆ పరంగి మనిషి నేల మీదున్న మిరపకాయల పళ్ళేన్ని ఒక్క అంగలో దాటి అవతలికి వెళ్ళడం ప్రనోమ్ కళ్ళారా చూసింది. అయినా నవ్వింది. "పర్లేదు, పర్లేదు" అంది. లోపల మాత్రం ఒళ్ళు భగ్గున మండింది. ఈ బాన్ లాట్‌లో నడక నేర్చిన పసివాడు కూడా తినే వస్తువు మీదుగా కాలు వెయ్యడు. ఈయనకి నలభై ఏళ్ళుంటాయి, తాటిచెట్టంత పొడుగున్నాడు, పైగా మూడు నెలలుగా ఉత్తరం నుంచి దక్షిణం దాకా థాయ్ వంటల్నీ ఆచారాల్నీ తెలుసుకుంటూ తిరుగుతున్నాడట. ఏం తెలుసుకున్నాడో ఆ బుద్ధుడికే ఎరుక.

అది వేరే రోజయితే ప్రనోమ్ కూడా అంత పట్టించుకునేది కాదు. అమ్మ పోయి ఇవాళ్టికి వందో రోజు. పదిన్నరకి గుడి నుంచి ఏడుగురు భిక్షువులు ఇంటికి వస్తారు. వాళ్ళు మధ్యాహ్నం పన్నెండు లోపల భోజనం ముగించాలి. వాళ్ళ నోట్లోకి వెళ్ళిందే అమ్మకి చేరుతుంది. అందుకే అమ్మకి ప్రాణమైన లేత తాటికాయ కూర ప్రనోమ్ స్వయంగా వండుతోంది. అమ్మ బతికుండగా ఊళ్ళో ఏ శుభమైనా అశుభమైనా ఆ కూర గరిట ఆమె చేతిలోనే ఉండేది. కూతురిగా తనూ నాలుగైదు సార్లు చేసి పెట్టింది గానీ, అమ్మ ఒక్క ముద్ద నోట్లో వేసుకుని చెంచా పక్కన పెట్టేసేది. ప్రనోమ్‌కి యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, తన చేతి వంట అమ్మ నోటికి ఒక్కసారీ ఆనలేదు. ఈ ఒక్కసారి ఆనాలి. మళ్ళీ అడగడానికి మనిషి లేదు.

సరిగ్గా ఇలాంటి రోజున తమ్ముడి కూతురు తాన్ ఆర్నే అనే ఈ పరంగిని వంటింట్లోకి తీసుకొచ్చింది. ఆ పిల్ల ఇంటి వెనక రెండు గదులు ప్రయాణికులకి ఇస్తుంది. ఎక్కడో నార్వే నుంచి వచ్చి అందులో దిగాడు.

"అత్తా, ఈయనకి మన వంటలంటే ప్రాణం. ఓ మూల కూర్చుని చూస్తాడు, అంతే" అంది తాన్.

మూల కూర్చోవడం ఆర్నేకి చేతకాదని పావుగంటలో తేలిపోయింది. పుస్తకం, పెన్ను, ఫోను పట్టుకుని పొయ్యి చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టాడు. థాయ్ భాష బాగానే నేర్చాడు, కాకపోతే పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతాడు.

"అమ్మగారూ, కొబ్బరిపాలు ఎన్ని గ్రాములు పోయవలెను?"

"సరిపడా పొయ్యాలి బాబూ."

"సరిపడా అనగా ఎంత?"

"సరిపోయేదాకా."

అతను అది కూడా రాసుకున్నాడు. ఆ తర్వాత లేత తాటికాయల తల వైపు కండని అంత పల్చగా ఎందుకు తరిగారని అడిగాడు. నీళ్ళలో ఎందుకు వేశారన్నాడు. నల్లబడకుండా అంటే, నల్లబడితే ఏమవుతుందన్నాడు. అమ్మ పటం ముందు అగరొత్తి వెలుగుతుంటే ఫోను తీసుకెళ్ళి పటానికి ఆనించినంత పని చేశాడు. ప్రనోమ్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. నూరిన కారం కొబ్బరిపాలలో నూనె తేలేదాకా వేయించి, తాటి ముక్కలూ రొయ్యలూ వేసి, ఆమె నేరుగా వసారాలో చాపలు పరుస్తున్న తమ్ముడు సంరిత్ దగ్గరికి వెళ్ళింది.

"ఒరే, ఆ మనిషి కుండ మీదకి వంగుతున్నాడు. చెంచా పెట్టాడంటే కొంప మునుగుతుంది. రుచి చూడకూడదని చెప్పు."

"నేనెలా చెప్పనక్కా? ఇంటికొచ్చినవాడు, నొచ్చుకుంటాడు. తాన్‌ని చెప్పమను."

తాన్ తమలపాకులు తుడుస్తోంది. "నేను చెబితే బాగోదత్తా. గది ఇచ్చినదాన్ని, పొమ్మన్నట్టు ఉంటుంది. నువ్వు పెద్దదానివి, నువ్వు చెబితే ఏమీ అనుకోడు" అంది.

తిరిగి తిరిగి అది ప్రనోమ్ నెత్తికే వచ్చింది. ఎదుటి మనిషి మొహం చిన్నబోయే మాట ఒకటి అనమంటే ఈ ఊళ్ళో జనం కంటే గోడలు నయం. తండ్రీ కూతుళ్ళని కడిగి పారేద్దామనుకుంది గానీ, తన నోరు మాత్రం ఏమంత గొప్పదని? పళ్ళు బిగబట్టి వంటింట్లోకి వచ్చి, ఆర్నే ముందు నిలబడి, గట్టిగా ఊపిరి తీసుకుని చెప్పింది.

"కూర ఇంకా కాలేదు బాబూ. వేడిగా ఉంటుంది, జాగ్రత్త."

బాన్ లాట్‌లో పుట్టిన ఎవరికైనా ఆ మాటకి అర్థం, నువ్వు బయటికి నడువు అని. ఆర్నేకి మాత్రం కూర వేడిగా ఉంటుందనే అర్థమైంది. చేతులు జోడించి, "మీరు చాలా దయగలవారు" అన్నాడు.

తను చెప్పాల్సింది చెప్పేసినట్టు ప్రనోమ్ ధైర్యంగా అటు తిరిగి తాటిబెల్లం చిదుపుతోంది. వెనక నుంచి ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్న చప్పుడు వినబడింది. తిరిగి చూసేసరికి అతను చెంచాడు కూర చప్పరించి, అదే చెంచా మళ్ళీ కుండలో ముంచుతున్నాడు.

"చాలా రుచిగా ఉన్నది అమ్మగారూ. కానీ ఉప్పు లేదు."

కుండెడు కూరా ఎంగిలైపోయింది. భిక్షువులు తినకముందు వండిన మనిషి కూడా నాలిక మీద వేసుకోని కూర అది. ఆ వంటలో రంగూ వాసనా చూసి ఉప్పు తెలుసుకోవాలి గానీ ఉప్పు చూడకూడదు. గోడ మీద గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది.

"పర్లేదు" అంది ప్రనోమ్ నోరు, ఆమె ప్రమేయం లేకుండానే. ఆ మాట విని ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

సంరిత్ తొంగి చూసి సంగతి గ్రహించాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "పోనీలే అక్కా. ఎవరు చూశారు?" అన్నాడు.

"అమ్మ చూసింది."

తాన్ ఆర్నేని పక్కకి తీసుకెళ్ళి విషయం చెప్పింది. అతని మొహం చెవుల దాకా ఎర్రబడింది. వచ్చి ప్రనోమ్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నన్ను క్షమించండి. నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

అదే నిజం కావడం ఆమెకి మరీ మంట పుట్టించింది. "అవును బాబూ, ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఇంతమందిమున్నాం, ఒక్కళ్ళకీ నోరు లేదు" అంది. "లే. కొబ్బరికాయలు తురుము. ఆడుతూ పాడుతూ కాదు, గబగబా."

భిక్షువుల తర్వాత తినే చుట్టాలకోసం తరిగిన తాటి ముక్కలు ఇంకో గంగాళం నీళ్ళలో ఉన్నాయి. అవి ఇప్పుడు భిక్షువులకి. ఎంగిలి కుండ చుట్టాలకి. ఆర్నే చెమటలు కక్కుతూ ఎనిమిది కాయలు తురిమాడు, అతని పుస్తకం రొయ్యల పొట్టులో పడి తడిసింది, తీసుకోలేదు. తాన్ పాలు పిండింది. ప్రనోమ్ మళ్ళీ మొదటి నుంచి అన్నీ చేసింది.

అసలు మొదటి కుండలో ఉప్పెలా ఉంటుంది, ఆమె ఇంకా వెయ్యందే? ఉప్పుకి బదులు వేసే చేపల సాస్‌ని అమ్మలాగే ఆమె కూడా కుండ దించబోయే ముందే పోస్తుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. అయినా ఆ 'ఉప్పు లేదు' అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. అమ్మ నోటికి మళ్ళీ చప్పిడి కూర పంపుతానేమోనన్న భయంతో కుండ కాగగానే రెండు గరిటెలు పోసింది. దించే ముందు అలవాటు కొద్దీ చెయ్యి మళ్ళీ రెండు పోసింది. అది పోసిందో లేదో గుర్తురాక, ఎందుకైనా మంచిదని ఇంకొకటి. రుచి చూసే దారి లేదు.

భిక్షువులు వచ్చారు. మంత్రాలు చదివారు. ఒక పళ్ళెం అమ్మ పటం ముందు పెట్టి, తక్కినవి సంరిత్ రెండు చేతులా వాళ్ళకి అందించాడు. ప్రనోమ్ చేతులు జోడించి కూర్చుని పెద్ద భిక్షువు మొహం వంకే చూసింది. ఆయన కూర కలుపుకుని తిన్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. భిక్షువులు వంట బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు. కాకపోతే ఆయన గ్లాసు తాన్ మూడుసార్లు నింపాల్సి వచ్చింది. పక్కాయన గ్లాసు నాలుగుసార్లు.

భోజనాలయ్యాక దీవెనలు చదువుతుంటే ప్రనోమ్ చిన్న చెంబులోంచి చుక్క చుక్కగా నీళ్ళు వదిలింది. అమ్మా, ఇది నీకు, అనుకుంది. అంతకంటే ఏమనుకోవాలో తోచలేదు.

భిక్షువులు వెళ్ళిపోగానే ఆమె చేసిన మొదటి పని, వాళ్ళు మిగిల్చిన గిన్నెలోంచి కూర తీసి నోట్లో పెట్టుకోవడం. మింగేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత ఎంగిలి కుండ దగ్గరికి వెళ్ళింది. దాన్ని ఇందాక సంరిత్ తాపీగా రుచి చూసుకుంటూ సరిచేశాడు. అది అచ్చు అమ్మ చేసినట్టే ఉంది. తమ్ముడు ఎన్నడూ గరిట పట్టినవాడు కాదు.

పొరుగింటి లమూన్ అప్పటికే భిక్షువులు మిగిల్చిన గిన్నెలోది వడ్డించుకుని తింటోంది. "ఎలా ఉందే?" అని అడిగింది ప్రనోమ్.

"అద్భుతంగా ఉందొదినా. మీ అమ్మ చేతి కూరే" అంటూ లమూన్ నీళ్ళ గ్లాసు అందుకుంది. మిగతా వాళ్ళు కూడా అదే తింటూ బాగుంది, బాగుంది అని తలలూపారు. అందరి పక్కనా ఖాళీ గ్లాసులే.

ప్రనోమ్‌కి అరవాలనిపించింది. అరిచే బదులు ఆర్నే వైపు తిరిగింది. ఈ ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పే నాలిక అదొక్కటే. "నువ్వు చెప్పు బాబూ. ఎలా ఉంది?"

ఆర్నే కూర మింగాడు. తాన్ వంక చూశాడు, లమూన్ వంక చూశాడు. చేతులు జోడించి, చక్కగా నవ్వి, "పర్లేదు అమ్మగారూ. చాలా బాగున్నది" అన్నాడు.

"నువ్వు కూడా నేర్చేసుకున్నావా" అంది ప్రనోమ్. గడప మీద కూలబడింది. "ఉప్పు కషాయంలా ఉంది. గొడ్డు కూడా ముట్టదు. ఆ ఒక్క ముక్క అనడానికి మీకేం రోగం?"

సంరిత్ వచ్చి పక్కన కూర్చున్నాడు. అక్కని నవ్విద్దామనుకున్నాడు కాబోలు. "నీ పని అయిపోయిందక్కా. ఇవాళ అమ్మ కలలోకొచ్చి నిన్ను దులిపేస్తుంది చూడు" అన్నాడు.

"రానీరా" అంది ప్రనోమ్. "నీ కలలోకి వచ్చింది. తాన్ కలలోకి రెండుసార్లు వచ్చింది. లమూన్ కలలోకి కూడా వచ్చిందట. వంద రోజులుగా నేను ఎదురు చూస్తూనే ఉన్నాను. తిట్టడానికైనా రానీ."