డేగ బండ కింద బోర్డు

మా ఆయన కళ్ల మీంచి బైనాక్యులర్స్ దించితే ఒట్టు. బండ మీది ఆడ డేగతో నాకు సవతి పోరు వేసవి మొదట్లోనే మొదలైంది. "దానికి కాసే కాపలాలో సగం నాకు కాస్తే నేనూ గుడ్లు పెట్టేదాన్ని," అని దెప్పేదాన్ని.

బండలెక్కేవాళ్ల సంఘానికి ఆయన కార్యదర్శి. డేగలు గూడు పెట్టగానే అటవీశాఖ ఆ దారి మూసేస్తుంది. పిల్లలు ఎగిరేదాకా ఎక్కితే నేరం. అక్కడ 'ఎక్కరాదు' అని బోర్డు కట్టేది ఈయనే. ఏటా నాకు పట్టేది కాదు, ఈ ఏడు పట్టింది. నా వేళ్లలో పట్టు పోతోంది. నరాల జబ్బట, పోయిన పట్టు తిరిగి రాదట. మేమిద్దరం మొదటిసారి ఒకే తాడుకు కట్టుకున్నది ఆ బండ మీదే. నా బొత్తాలు నేను పెట్టుకోగలిగినన్నాళ్లలో ఇంకొక్కసారి ఎక్కాలని ఆశ.

"ఒక పొద్దుట ఎవరూ చూడకుండా వెళ్లొద్దామండీ."

"ఎవరూ చూడకపోయినా అది చూస్తుంది కదే. బెదిరి లేచిపోతే గుడ్లు చల్లబడిపోతాయి."

"నా చేతులు చల్లబడితే పర్వాలేదా?"

ఆయన బైనాక్యులర్స్ పక్కన పెట్టి నా చేతులు తన చేతుల్లోకి తీసుకున్నారు. అలా ఎందుకన్నానా అనుకున్నాను.

ఒకరోజు బోర్డు విప్పి కారులో వేసుకొచ్చారు. "దారి తెరిచారు. రేపు ఎక్కుదువుగాని."

ఎగిరి గంతేసి గోడకున్న తాడు దించాను. అప్పుడు చూశాను ఆయన మొహం. ఆడ డేగ కరెంటు తీగ తగిలి చచ్చిపోయిందట. మగదీ కనబడటం లేదట. గూడు పాడుబడిందని ఆఫీసువాళ్లు తేల్చేశారు. నేను కోరుకున్న దారి తెరుచుకుంది, నేను దించిన తాడు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు ఎక్కాను. కింద తాడు పట్టుకుని ఆయన. వేళ్లు మొరాయించినా, మోచేతులు దోక్కుపోయినా గూడున్న రాతి అరుగు దాకా చేరాను. ఇంకాస్త ఎక్కితే బండ అంచు. అరుగు మీద ఎర్రమట్టి రంగు గుడ్లు. వాటి పక్కన సగం ఈకలు పీకిన పావురం. దాని నెత్తురింకా ఆరలేదు.

మగది వస్తూనే ఉంది. ఎవరి కంటా పడకుండా, ఇక రాని పెళ్లానికి తిండి తెచ్చిపెట్టి పోతోంది.

"దించెయ్యండి!"

"ఇంకెంతో లేదే! చెయ్యి పట్టడం లేదా?"

"పడుతోంది. దించెయ్యండి."

కిందికొచ్చి చూసింది చెప్పాను. ఆయన గూడు పాడుబడలేదని ఆఫీసుకు ఫోన్ చేసి, కారులోంచి బోర్డు తెచ్చి మళ్లీ కట్టారు. నా నడుముకున్న ముడి నా వేళ్లకు లొంగలేదు. ఆయన విప్పబోయి, సగంలో ఆ తాడు పట్టుకునే భోరుమన్నారు.

"ఊరుకోండి. ఎవరైనా చూస్తే నా సవతి కోసం ఏడుస్తున్నారనుకుంటారు," అన్నాను.

ఆయన ఏడుపు ఆగలేదు. నాదీ ఆగలేదు.